బాబాయ్ మోకాలికి సరిపోయేలా బుల్లెట్: పని డైరీ

బండి: 1996 రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ స్టాండర్డ్ 350. కాస్ట్ ఐరన్ ఇంజన్, బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) 70 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 90 మి.మీ., 346 సీసీ. నాలుగు గేర్లు. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. 12 వోల్టులు, పాయింట్ ఇగ్నిషన్ (పాయింట్ అంటే తెరుచుకోగానే ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టించే చిన్న స్విచ్). సెల్ఫ్ లేదు, కిక్ ఒక్కటే.

నడిపేది: మా బాబాయ్. 61 ఏళ్లు, 5 అడుగుల 3 అంగుళాలు, 68 కిలోలు. బండి కొత్తగా కొన్నదీ ఆయనే. రెండేళ్ల కింద రివర్స్ కిక్ (కిక్ రాడ్డు వెనక్కి తన్నడం) తగిలి కుడి మోకాలు దెబ్బతింది. "అమ్మేసి స్కూటీ కొనుక్కో బాబాయ్" అని ఇంటిల్లిపాదీ చెప్పాం. "అలాగేరా" అంటాడు, బండి కవరు తీసి తుడుస్తాడు.

పని జరిగింది విజయవాడ ఆటోనగర్‌లో, కొంత మా ఇంటి షెడ్డులో. కస్టమ్ అంటే పొడుగు హ్యాండిల్, లావు టైరు, పెద్ద చప్పుడు అనుకునేవాళ్లకు ఇందులో చూడ్డానికి ఏమీ లేదు. మోకాలు, నడుము, భుజం నొప్పి ఉన్నా పాత బుల్లెట్ వదల్లేని మనిషి మీ ఇంట్లో ఉంటే కొలతలు పనికొస్తాయి.

దశ 1: ముందు మనిషి కొలతలు

బండిని తాకకముందే బాబాయ్‌ను కొలిచాను. బండిని మెయిన్ స్టాండు మీంచి దించి, ఇద్దరం పట్టుకుని, ఆయన్ను కూర్చోబెట్టి:

1. లోపలి కాలు పొడవు (చెప్పులు లేకుండా): 71 సెం.మీ.
2. సీటు ఎత్తు: ఖాళీగా 79, ఆయన కూర్చుంటే 76 సెం.మీ.
3. ఫుట్‌రెస్ట్ మీద కాలు పెట్టినప్పుడు మోకాలి కోణం: 78 డిగ్రీలు.
4. క్లచ్ లివర్ లాగడానికి కావాల్సిన బలం, లివర్ చివర తూకం హుక్కు తగిలించి లాగితే: 9.2 కిలోలు.
5. బండి బరువు, పాత ఇనుము కొట్టు కాటా మీద ఒక్కో చక్రం ఎక్కించి: ముందు 74, వెనక 92. మొత్తం 166 కిలోలు.

ఫిజియోథెరపీ ఆయన చెప్పింది ఒక్కటే: మోకాలు 90 డిగ్రీలకు మించి ముడుచుకుని ఎక్కువసేపు ఉండకూడదు. అంటే కోణం 90 పైన ఉండాలి. ఈ ఒక్క అంకె మిగతా పనినంతా నడిపించింది.

సాధారణంగా ముందు సీటు దించుతారు. ఇక్కడే చిక్కు. సీటు దిగితే పాదం నేలకు అందుతుంది కానీ, మోకాలు ఇంకా ముడుచుకుంటుంది. రెండూ కావాలంటే ఫుట్‌రెస్ట్ కూడా జరగాలి. ఫుట్‌రెస్ట్ జరిగితే గేరు, బ్రేకు కూడా జరగాలి.

తూకం హుక్కు 350, డిజిటల్ యాంగిల్ మీటరు 650.
ఇప్పటిదాకా: రూ. 1,000

దశ 2: రివర్స్ కిక్ ఎందుకు కొడుతోంది

ఇది తేలకుండా మిగతాది చేసి లాభం లేదు. పాయింట్ ప్లేటు కింద ఉండే ఆటో అడ్వాన్స్ (ఇంజన్ వేగాన్ని బట్టి నిప్పురవ్వ టైమింగ్ జరిపే గుండ్ల అమరిక) విప్పి చూస్తే, ఒక గుండు తుప్పుతో బిగుసుకుపోయి బయటికి తెరుచుకునే ఉంది. ఇంజన్ వేగం పెరిగాక ముందుకు జరగాల్సిన టైమింగ్ కిక్ కొట్టేటప్పటికే ముందుంది. పిస్టన్ పైకి చేరకముందే మంట అంటుకుంటే కిక్ రాడ్డు వెనక్కి తంతుంది. దీన్ని ఎవరూ విప్పి చూడలేదు. వెళ్లిన ప్రతి చోటా పాయింట్ మాత్రం మార్చి పంపారు.

చేసిన పని:

1. గుండ్ల పిన్నులు సన్నటి ఎమరీ కాగితంతో రుద్ది, చుక్క ఆయిల్ వేసి, స్ప్రింగులు కొత్తవి. వేలితో తెరిచి వదిలితే టక్కున మూసుకోవాలి.
2. పాయింట్ గ్యాప్ 0.38 మి.మీ. (0.35 నుంచి 0.40 మధ్య ఉంటే చాలు).
3. టైమింగ్: అడ్వాన్స్ పూర్తిగా వెనక్కి ఉన్నప్పుడు, పిస్టన్ పైకొనకు 0.8 మి.మీ. ముందు పాయింట్ తెరుచుకోవాలి. మొదట దొరికిన కొలత 1.9 మి.మీ.
4. పాయింట్ తెరుచుకునే క్షణం పట్టుకోడానికి టెస్టు బల్బు. పాయింట్ మధ్య సిగరెట్ ప్యాకెట్ కాగితం పెట్టి లాగే పద్ధతి కూడా పనిచేస్తుంది, బల్బు ఉంటే వాదనలుండవు.

ప్లగ్గు రంధ్రంలోంచి సైకిలు పుల్ల దించి పిస్టన్‌ను కొలిచే పద్ధతి ఆటోనగర్‌లో అందరిదీ. బుల్లెట్‌లో ప్లగ్గు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి పుల్ల కూడా ఏటవాలుగానే దిగుతుంది, 0.8 మి.మీ. లాంటి చిన్న కొలత నిలవదు. హెడ్ విప్పే పని ఎలాగూ ఉంది కదా అని, అసలు టైమింగ్ అప్పుడు డయల్ గేజి పిస్టన్ నెత్తిన పెట్టి సరిచేశాను.

డీకంప్రెషర్ వాల్వ్ (కిక్ తేలిగ్గా దిగేలా సిలిండర్‌లో ఒత్తిడి వదిలేసేది) కూడా లీకు. గ్రైండింగ్ పేస్టుతో కూర్చోబెట్టాను, స్ప్రింగూ కేబులూ కొత్తవి. దాన్ని వాడటం కుర్రాళ్లకు ఎవరూ చెప్పడం లేదు, అందుకే వరసగా రాస్తున్నాను:

1. తాళం ఆన్. కిక్ నెమ్మదిగా నొక్కుతూ పోతే ఒకచోట గట్టిగా ఆగుతుంది.
2. డూమ్ (హెడ్‌లైటు గూడు) మీద ఉన్న యాంప్ మీటరు ముల్లు చూడండి. పాయింట్ మూసి ఉంటే ఎడమకు వాలుతుంది, తెరుచుకుంటే మధ్యకు వస్తుంది.
3. ముల్లు మధ్యలో ఉండగా డీకంప్రెషర్ లివర్ లాగి, కిక్‌ను ఇంకాస్త కిందికి పంపండి. లివర్ వదిలేయండి.
4. కిక్ రాడ్డును పూర్తిగా పైకి రానిచ్చి, ఒకే ఊపున కిందిదాకా. సగంలో ఆపితే మోకాలికి ప్రమాదం.

పాయింట్ సెట్, కండెన్సర్, స్ప్రింగులు 780. డీకంప్రెషర్ సామాను 370. ఈ దశ 1,150.
ఇప్పటిదాకా: రూ. 2,150

దశ 3: ఇంజన్ (ఇక్కడే ఎక్కువ రోజులు పోయాయి)

కంప్రెషన్ మీద ఆపి, కిక్ మీద నిలబడి చూశాను. మంచి ఇంజన్ అయితే మనిషి బరువును కాసేపు మోయాలి. ఇది వెంటనే దిగిపోయింది. బోరు పైభాగంలో అరిగి 70.31 మి.మీ. అయింది. 20 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ఓవర్‌సైజు పిస్టన్‌కు బోరు కొట్టించాలి.

రీబోర్ అయ్యాక పిస్టన్‌కూ బోరుకూ మధ్య సందు ఫిల్లర్ గేజితో చూస్తే 2 థౌ. ఇప్పుడొచ్చే అల్యూమినియం సిలిండర్లకు అలవాటుపడ్డ చెయ్యి అది. గాలితో చల్లబడే ఇనుప సిలిండర్‌లో పిస్టన్ సిలిండర్ కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది, అందుకు చోటుండాలి. చెబితే బోరు కొట్టిన మేస్త్రీ వినలేదు. "నడిస్తే అదే సరిపోద్ది" అన్నాడు. బిగించి కంకిపాడు దాటేసరికి ఇంజన్ బరువెక్కి, క్లచ్ పట్టుకునేలోపు ఆగిపోయింది. విప్పితే పిస్టన్ స్కర్టు మీద రెండు వైపులా గీతలు, బోరు మాత్రం బాగానే ఉంది. ఇంకోచోట హోనింగ్ చేయించి సందు 4 థౌకు తెచ్చాం. గీతలు సన్నటి కాగితంతో రుద్ది అదే పిస్టన్ వేశాం. తర్వాత పిస్టన్ పట్టుకోలేదు.

రింగ్ గ్యాప్ 12 థౌ. రింగును బోరులో పెట్టి, పిస్టన్ నెత్తితో నెట్టి సమంగా దించి కొలవాలి, వేళ్లతో నెడితే వంకర పోతుంది.

ట్యాపెట్లు (వాల్వులను లేపే పుష్‌రాడ్ల సర్దుబాటు): ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, పుష్‌రాడ్ వేళ్లతో తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు. గేజితో పనిలేదు.

ఇక నెలల తరబడి నిలిపి ఉంచిన బండి కిక్ బరువుగా ఉండటానికి ఇంకో కారణం దొరికింది. బుల్లెట్‌లో ఆయిల్ ట్యాంకు ఇంజన్ కేసులోనే విడి గదిలా ఉంటుంది. పంపు డిస్కులు అరిగితే, నిలబడి ఉన్నన్నాళ్లూ ఆయిల్ క్రాంక్ గదిలోకి జారుతుంది. కింది ప్లగ్గు తీస్తే 600 మి.లీ. పైగా వచ్చింది. అదంతా క్రాంక్ చిలుకుతుంటే కిక్ తేలిగ్గా ఎలా పడుతుంది? పంపు డిస్కులను గాజు పలక మీద పేస్టుతో రుద్ది కూర్చోబెట్టాను. ఇప్పుడు నెల నిలిపాక తీస్తే 90 మి.లీ. పూర్తిగా ఆగదు, ఆగాల్సిన పనీ లేదు.

రీబోర్ 900, పిస్టన్ కిట్ 1,850, వాల్వ్ గైడ్లు, సీటింగ్ 1,400, గ్యాస్కెట్లు 380, పంపు పని 300, ఆయిల్, ఫిల్టరు 1,120, రెండో హోనింగ్ 300. ఈ దశ 6,250.
ఇప్పటిదాకా: రూ. 8,400

ఆర్సీ గురించి, వెల్డింగుకు ముందు

మోటారు వాహనాల చట్టం (1988) సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు, ఆర్సీలో ఉన్నదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. కాబట్టి మేం పెట్టుకున్న హద్దులు: ఛాసిస్‌ను కోయడం లేదు, రంధ్రం వేయడం లేదు, వెల్డింగ్ అంటించడం లేదు. రంగు నలుపే. ఆర్సీలో ఇద్దరు కూర్చునే బండి అని ఉంది కాబట్టి వెనక సీటు, దాని ఫుట్‌రెస్టులు, పట్టుకునే పిడి, చీర గార్డు అన్నీ ఉంటాయి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది ఫుట్‌రెస్టులు, పిడి, చీర గార్డు అడుగుతుంది. ఫొటోల్లో కనిపించే బాబర్ (అదనపు భాగాలు తీసేసిన) బండ్లలో ముందు పీకేసేవి ఇవే.

సైలెన్సర్ కంపెనీదే. మేం పని చేస్తుంటే పక్క షెడ్డుకు పెద్ద చప్పుడు చేసే ఇందోరీ సైలెన్సర్ బిగించుకోడానికి వచ్చిన కుర్రాళ్లు బాబాయ్‌ని "అంకుల్, మీరూ వేయించండి, మస్తు సౌండు" అన్నారు. "నాకు చెవులు కూడా పోవాలా" అన్నాడాయన. 175 సీసీ దాటిన బండికి తయారీ దశలోనే 80 డెసిబెల్స్ హద్దు. పోలీసులు ఆ సైలెన్సర్లను రోడ్డు రోలర్ కింద నలిపే ఫొటోలు పేపర్లో వస్తూనే ఉన్నాయి, ఇవతల బిగించేవాళ్లకూ తీరిక ఉండటం లేదు.

దశ 4: సీటు

మొదట వెనక షాక్ అబ్జార్బర్లు 25 మి.మీ. పొట్టివి వేశాం. సీటు దిగింది. కానీ బండి మొత్తం దిగింది కాబట్టి మెయిన్ స్టాండు వేయాలంటే ఇంకా ఎక్కువ ఎత్తాలి. బాబాయ్ వల్ల కాలేదు. సైడ్ స్టాండు మీద బండి దాదాపు నిటారుగా నిలబడింది, గాలికి అటువైపు పడేలా. స్టాండులు కోయించడం కంటే షాకులు తీసేయడమే నయం. తిరిగి అమ్మితే 1,200 నష్టం.

తర్వాత ఎత్తును సీటులోనే తగ్గించాం. జంట సీటు తీసి, ముందు విడి సీటు: అడుగున 2 మి.మీ. రేకు, పైన 40 మి.మీ. గట్టి ఫోమ్, దానిపై 15 మి.మీ. మెత్తటిది. అంతా మెత్తటిదైతే కూర్చోగానే అణిగిపోయి రేకు తగులుతుంది. ముక్కు వైపు వెడల్పు 19 సెం.మీ.కు తగ్గించాం. తొడలు దగ్గరపడితే, అదే ఎత్తులో పాదం ఇంకాస్త కిందికి అందుతుంది. కూర్చునే చోటు 50 మి.మీ. వెనక్కి జరిగింది. వెనక సీటు విడిగా రెండు బోల్టులతో.

కూర్చున్నప్పుడు ఎత్తు: 76 నుంచి 72 సెం.మీ. రెండు పాదాలూ నేలకు ఆనాయి.
సీటు దించినంతవరకే చూస్తే మోకాలి కోణం: 78 నుంచి 71. అనుకున్నట్టే పాడైంది.

సీట్లు 2,600, షాకుల నష్టం 1,200. ఈ దశ 3,800.
ఇప్పటిదాకా: రూ. 12,200

దశ 5: ఫుట్‌రెస్ట్, గేరు, బ్రేకు

కోణం 93కు రావాలంటే ఫుట్‌రెస్ట్ 110 మి.మీ. ముందుకు, 30 మి.మీ. కిందికి పోవాలి. గోడకు అట్ట ఆనించి బాబాయ్ తుంటి, మోకాలు, మడమ గుర్తులు పెట్టి, అట్ట ముక్కలు జరుపుతూ తేల్చిన లెక్క ఇది. అట్టకు డబ్బుల్లేవు, పది సార్లు కోసుకోవచ్చు.

మొదటి బ్రాకెట్: 5 మి.మీ. ఇనుప పట్టీ, ఫుట్‌రెస్ట్ రాడ్డుకు ఒకే చోట బిగింపు, చివర ఎల్ ఆకారంలో వెల్డింగ్. దాని మీద 25 కిలోల బియ్యం మూటలు నాలుగు వేలాడదీసి డయల్ గేజితో చూస్తే 4 మి.మీ. దిగింది. మూటలు తీశాక కూడా 1.5 మి.మీ. వెనక్కి రాలేదు. అంటే లోహం వంగిపోయినట్టే. అయినా రోడ్డు మీద ఎలా ఉంటుందో చూద్దామని నేనే నడిపాను. కరకట్ట మీద అవనిగడ్డ వైపు వెళ్లొచ్చేసరికి బ్రాకెట్ రాడ్డు చుట్టూ కొద్దిగా తిరిగింది, వెల్డింగ్ అంచున వెంట్రుకంత పగులు. బుల్లెట్ వణుకు సంగతి తెలిసిందే. ఒంటి బిగింపు, పక్కన 110 మి.మీ. చెయ్యి: ఏ ఇనుమైనా అక్కడే విరుగుతుంది.

రెండో బ్రాకెట్ ఆలోచనే వేరు:

1. 8 మి.మీ. ప్లేటు. వెనక ఫుట్‌రెస్ట్ రాడ్డుకు, ముందు ఇంజన్ కింద ఉన్న స్టడ్‌కు. రెండూ బండికి ముందే ఉన్న చోట్లు.
2. రెండు చోట్ల పట్టు ఉంది కాబట్టి తిరగదు. బరువు మోసేది ప్లేటే, వెల్డింగ్ కాదు.
3. ఫుట్‌రెస్ట్ పెగ్గు మడిచేది. బండి వాలినప్పుడు నేలకు తగిలితే పైకి లేవాలి. కిందికి దించాం కనుక ఇది తప్పనిసరి.
4. కుడివైపు సైలెన్సర్ బెండ్ పైపుకు 14 మి.మీ. సందు.
5. ఎడమవైపు ప్రైమరీ కేసు (క్లచ్ ఉండే పెట్టె) విప్పాలంటే బ్రాకెట్ రావాలి. మామూలు బుల్లెట్‌కైనా ఎడమ ఫుట్‌రెస్ట్ తీయాల్సిందే, ఇక్కడ ఒక నట్టు అదనం.

అవే నాలుగు మూటలు: 0.6 మి.మీ. దిగి, తీయగానే మళ్లీ సున్నాకు వచ్చింది.

గేరు లివర్‌కు ఇప్పుడు పాదం అందదు. షాఫ్టు మీద చిన్న లివర్, ముందు కొత్త పివట్ మీద తొక్కే లివర్, మధ్యలో 8 మి.మీ. రాడ్డు, రెండు కొసలకూ రాడ్ ఎండ్లు (తిరిగే కీళ్లు). రెండు లివర్లూ ఒకే వైపు చూస్తే పాత పద్ధతే ఉంటుంది (ఒకటోది పైకి, మిగతా మూడు కిందికి). ఒకదాన్ని తలకిందులు చేస్తే కొత్త బండ్లలా మారుతుంది. మెకానిక్ భాయ్ అలా మార్చేద్దామన్నాడు. బాబాయ్ ఒప్పుకోలేదు: "నా కాలికొచ్చిన గేరు నాకుండనీ." ఆయన మాటే సరైనది. ఎదురుగా లారీ వచ్చినప్పుడు కాలు ఆలోచించి గేరు వేయదు.

మొదట కొన్న రాడ్ ఎండ్లు చవకవి, తొక్కే చోట 6 మి.మీ. ఆట (వదులు). రెండో గేరు నుంచి మూడుకు వెళ్లేటప్పుడు మధ్యలో ఖాళీ దొరికేది. గట్టివి వేశాక ఆట 2 మి.మీ.కు తగ్గింది. న్యూట్రల్ ఫైండర్ లివర్‌కు మడమ అందేలా చిన్న పట్టీ పొడిగించాం. నాలుగులోంచైనా, మూడు, రెండులోంచైనా ఒక్క నొక్కుతో న్యూట్రల్ ఇచ్చే ఆ లివర్ మోకాలి నొప్పి ఉన్నవాళ్లకు వరం. ఒకటో గేరులోంచి మాత్రం పనిచేయదు.

బ్రేకు పెడల్ చేయి పొడవు పెరిగింది. తక్కువ బలంతో బ్రేకు పడుతోంది, కాకపోతే పెడల్ ఎక్కువ దూరం దిగాలి. వెనక రాడ్డు నట్టు బిగించి ఖాళీ తొక్కుడును 20 మి.మీ. దగ్గర ఆపాను.

మోకాలి కోణం: 93.

పాడైన బ్రాకెట్ 700, రెండోది 1,600, రాడ్ ఎండ్లు 720, బ్రేకు పెడల్ పని 250, లివర్లు 430. ఈ దశ 3,700.
ఇప్పటిదాకా: రూ. 15,900

దశ 6: చేతులు

సీటు వెనక్కి జరిగింది కాబట్టి హ్యాండిల్ కూడా రావాలి. 60 మి.మీ. వెనక్కి, 30 మి.మీ. పైకి ఉన్నది దొరికింది. క్లచ్ బలం తగ్గించింది కొత్త ప్లేట్లు కాదు, కేబుల్ దారి. పాత కేబుల్ డూమ్ దగ్గర మెలిక తిరిగి ఉండేది. లోపల నైలాన్ ఉన్న కేబుల్ వేసి, పెద్ద వంపుతో తిప్పి, గేర్‌బాక్స్ దగ్గర సర్దితే 9.2 కిలోలు కాస్తా 6.4 అయింది. రూ. 240 కేబుల్‌తో.

కేబుళ్లు, లివర్లు, హ్యాండిల్ 1,700.
ఇప్పటిదాకా: రూ. 17,600

దశ 7: మిగతావి

వైరింగు 1,400, బ్యాటరీ 1,350, టైర్లు, ట్యూబులు (రెండూ 3.25-19, సైజు మార్చలేదు) 5,250, ట్యాంకు సొట్ట, నల్ల పెయింటు 4,500. హ్యాండిల్ ఎడమ నుంచి కుడికి పూర్తిగా తిప్పుతూ వైర్లు లాగబడటం లేదని చూసుకోండి, ఇంకేం లేదు.
ఇప్పటిదాకా: రూ. 30,100

ఇప్పటి పరిస్థితి

బాబాయ్ ఉయ్యూరు, పామర్రు మీదుగా గుడివాడ వెళ్లొస్తున్నాడు. మోకాలు దిగాక కాసేపు బిగుసుకుంటుంది, నడిస్తే సర్దుకుంటుంది. మలుపుల్లో ముందుకు చాచిన కాళ్లతో ట్యాంకును మోకాళ్లతో పట్టుకోవడం కుదరడం లేదన్నది ఆయన ఫిర్యాదు. అది నిజమే, ఈ కూర్చునే తీరులో ఆ పట్టు పోతుంది. గుంతల్లో లేచి నిలబడటం కూడా కష్టం. అందుకే సీటు వెనక అంచు 20 మి.మీ. ఎత్తు పెంచి నడుముకు ఆనిక ఇవ్వాలనుకుంటున్నాం.

బరువు: ముందు 73, వెనక 94. మొత్తం 167 కిలోలు.

మిగిలిన పని:

1. సీటు వెనక అంచు.
2. గేరు రాడ్డు రాడ్ ఎండ్లకు రబ్బరు తొడుగులు, వానాకాలం లోపు.
3. ప్రైమరీ కేసు అడుగున ఆయిల్ చెమర్చుతోంది. రబ్బరు సీలు మార్చాలి, బ్రాకెట్ విప్పాలి. అదనపు నట్టు 19 స్పానర్.